పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతికి రావాలి

జీవో 49 మీద జరిగిన గొడవ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెలంగాణలోని కవ్వాల్, మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవుల మధ్య పులులు తిరిగే దారిని కాపాడాలంటూ 2025 మే నెలాఖరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా అడవిలో పెద్ద భాగాన్ని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించారు. ఆదివాసీ సంఘాలు బంద్‌కు పిలుపునిచ్చాయి. జులైలో ప్రభుత్వం ఆ జీవోను నిలిపివేసింది. ఆ రెండు నెలలూ టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వాదన ఒక్కటే: పులి ముఖ్యమా, మనిషి ముఖ్యమా? నాకు మాత్రం వేరే విషయం మింగుడు పడలేదు. కన్జర్వేషన్ రిజర్వు గురించి చెప్పే వన్యప్రాణి సంరక్షణ చట్టం 36ఎ సెక్షన్‌లోనే, స్థానిక ప్రజలతో సంప్రదించిన తర్వాతే ప్రకటించాలని ఉంది. ఏ ఊరి గ్రామసభ ఏమన్నదని అడిగిన యాంకర్ నాకు ఒక్కరూ కనబడలేదు. ఊరికి ఒక అభిప్రాయం ఉంటుందని, ఆ అభిప్రాయానికి చట్టంలో విలువ ఉందని మనం పూర్తిగా మర్చిపోయాం.

అదే రోజుల్లో ఒక పెళ్లిలో అటవీ శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన పక్కన కూర్చున్నాను. అడవిలో ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి. చెట్టంటే ప్రాణం. "గ్రామసభకు అప్పజెప్పి చూడు బిడ్డా, ఆర్నెల్లల్ల టేకు మొద్దు మిగలదు" అన్నారు. ఆయన మాటలో ద్వేషం లేదు, భయం ఉంది. ఆ భయానికి సమాధానం చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అడవిని ఊరికి అప్పగించడం అనేది మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంతవరకు జరగనే లేదు. జరిగింది, విఫలమైంది అని చెప్పుకుంటున్నదాంట్లో చాకిరీ ఊరిది, పెత్తనం శాఖది. అడవిలో వచ్చేది తానే అమ్ముకోవడం, రవాణా పర్మిట్ తానే రాయడం, వచ్చిన డబ్బు తానే ఖర్చుపెట్టడం, ఇష్టం లేనిదాన్ని వద్దనడం. ఇవి ఊరి చేతికి వచ్చాక కూడా అడవి పాడైతే, అప్పుడు ఊరిని తప్పుపడదాం.

సమితుల కాలం

అటవీ శాఖ, ఊరివాళ్లు కలిసి అడవిని కాపాడాలని పెట్టిన వన సంరక్షణ సమితుల కథ తెలిసిందే. 1990 జూన్‌లో కేంద్రం సర్క్యులర్ ఇచ్చింది, 1992లో మన దగ్గర మొదలైంది, తర్వాత ప్రపంచ బ్యాంకు డబ్బు వచ్చింది, 2002లో 'ఉమ్మడి అటవీ యాజమాన్యం' అన్న పేరులో 'ఉమ్మడి' తీసేసి సామాజిక అటవీ యాజమాన్యం అన్నారు. వేల సమితులు పుట్టాయి. వాటివల్ల ఏమీ జరగలేదని నేను అనను. కందకాలు తవ్వారు, మొదళ్ల నుంచి వచ్చిన పిలకల్లో మంచివి ఉంచి మిగతావి తీసేశారు, వేసవి మంటలు ఆర్పారు. బోడిగుట్టలు మళ్లీ పచ్చబడ్డ ఊళ్లు నేనూ చూశాను.

మంచిర్యాల జిల్లాలో ఒక చిన్న ఊళ్లో ఒకప్పటి సమితి అధ్యక్షుడిని కలిశాను. ఇంటి వెనక పశువుల కొట్టం గోడకి పాత సమితి బోర్డు ఆనించి ఉంది. తుప్పు పట్టినా ఆయన పేరు ఇంకా చదవొచ్చు. సమితి ఎలా నడిచేదని అడిగితే ఆయన చెప్పింది ఇదీ: "మీటింగు ఎప్పుడో వాళ్లే చెప్తరు. ఏ మొక్క పెట్టాల్నో వాళ్లే చెప్తరు. మేం చింత, ఇప్ప, కరక పెడ్తమన్నం. నీలగిరి వచ్చింది. చెక్కు మీద నాదొక్క సంతకం ఉంటే పైసలు రావు, ఫారెస్టు సారుది గూడ ఉండాలె. ఆయన ఎప్పుడొస్తే అప్పుడే కూలీ." ప్రాజెక్టు అయిపోయిన ఏడాది నుంచి ఆ ఊళ్లో ఎవరూ మీటింగు పెట్టలేదు. పెట్టడానికి కారణం కూడా లేదు. కూలీ ఇచ్చినంత కాలం కూలీకి వచ్చారు, ఆగాక మానేశారు.

దీన్ని చూపించి "చూశారా, డబ్బు ఆగితే జనం అడవిని వదిలేశారు" అనేవాళ్లున్నారు. నాకు కనిపించింది వేరు. ఆయన పెట్టమన్న ఇప్పచెట్లు పెట్టి ఉంటే ఈపాటికి పూతకొచ్చేవి. ప్రాజెక్టు ఉన్నా పోయినా ఏటా వేసవిలో ఆ ఊరి ఆడవాళ్లు ఆ చెట్ల కిందికి వెళ్లేవాళ్లు. నీలగిరి తోటలోకి ఎందుకు వెళ్తారు?

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆ బిల్లును పరిశీలించిన పార్లమెంటు సంయుక్త సంఘానికి అధ్యక్షుడు మన కురుపాం మనిషి, కిశోర్ చంద్రదేవ్. చట్టంలోని 3(1)(ఐ) క్లాజు చాలా స్పష్టం: ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్న అడవిని కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఆ ఊరిదే. హక్కుదారు గ్రామసభ. మరి మన ఉమ్మడి రాష్ట్రంలో ఏం జరిగింది? సామూహిక హక్కు పత్రాల్లో చాలావాటిని వన సంరక్షణ సమితుల పేరిట రాశారు. శాఖ పెట్టిన కమిటీకి, శాఖ అజమాయిషీలో ఉన్న అడవి మీద, హక్కు ఇచ్చినట్టు కాగితం. ఈ చట్టం అమలును పరిశీలించడానికి కేంద్రం వేసిన సక్సేనా కమిటీ 2010లో దీన్ని తప్పుపట్టింది. ఆ కాగితం ఇచ్చాక కూడా ఏ ఊళ్లోనూ రోజువారీ వ్యవహారంలో ఒక్క మార్పు రాలేదంటే ఆశ్చర్యం లేదు. చాలా ఊళ్లకి అలాంటి పత్రం ఒకటి తమ పేరిట ఉందనే తెలియదు.

పట్టా చుట్టూ తిరిగిన రాజకీయం

మన దగ్గర అటవీ హక్కులు అనగానే పోడు పట్టాలే. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి లక్షన్నర మందికి పైగా రైతులకు సుమారు 4 లక్షల ఎకరాలకు పట్టాలిచ్చారు. అది చిన్న విషయం కాదు. తాత కాలం నుంచి దున్నుకుంటున్న భూమిలో కేసు భయం లేకుండా నాగలి పెట్టడం అంటే ఏమిటో ఆ కుటుంబాలకే తెలుస్తుంది. రైతుబంధు వచ్చింది, బ్యాంకులో లోను అడిగే ధైర్యం వచ్చింది.

కానీ పట్టా ఒక్కటే ఇస్తే ఏమవుతుందో కూడా చూడాలి. ఈ రెండెకరాలు నీవి, మిగతా అడవంతా మాది అని చెప్పినట్టవుతుంది. మిగతా అడవిలో ఏ హక్కూ లేనివాడికి దాన్ని కాపాడటానికి ఏ కారణమూ ఉండదు. 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమికే చట్టం పట్టా ఇస్తుందని అందరికీ తెలుసు, అయినా ప్రతి ఎన్నికకి ముందు కొత్త గడువు వస్తుందన్న ఆశ పుడుతుంది. ఆ ఆశతో ఇంకో అరెకరం కొడతారు. ఇంకోవైపు ఆ అరెకరం మీద శాఖ కందకం తవ్వి మొక్కలు పెడుతుంది. 2019లో సిర్పూర్ దగ్గర సార్సాలలో మొక్కలు నాటడానికి వెళ్లిన మహిళా రేంజ్ అధికారి మీద కర్రలతో దాడి జరిగింది. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో ఒక రేంజ్ అధికారిని చంపేశారు. ఆ హత్యను సమర్థించే మాట నా నోట రాదు. ఆయన భార్యాబిడ్డలకు జరిగిన అన్యాయం ఏ చట్టంతోనూ తీరేది కాదు. అయితే మొక్క ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం ఊళ్లో కూర్చుని జరిగే పద్ధతి ఒకటి ఉంటే, ఆ అధికారి పోడు అంచున అలా ఎదురుపడి నిలబడాల్సిన అవసరం వచ్చేది కాదని నేను నమ్ముతున్నాను. అటవీ సిబ్బంది ప్రాణాలకు కూడా గ్రామసభే ఎక్కువ రక్షణ.

వ్యక్తిగత పట్టాకి ఫోటో ఉంటుంది, పేరు ఉంటుంది, ఓటు ఉంటుంది. సామూహిక హక్కుకి ఇవేవీ ఉండవు. ఏ పార్టీ ప్రభుత్వమైనా మొదటిదే ఎందుకు ఇస్తుందో దీంతోనే అర్థమవుతుంది.

వార్ధా నది దాటితే

మెండా లేఖా పేరు చాలామంది విని ఉంటారు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ధనోరా తాలూకాలో ఐదువందల మంది కూడా లేని గోండు ఊరు. 2009లో వాళ్లకి 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు పత్రం వచ్చింది. ఊరేగింపులు, పొగడ్తలు అయ్యాయి. అసలు గొడవ ఆ తర్వాతే మొదలైంది. వాళ్ల అడవిలో ఉన్నది వెదురు. వెదురు చిన్నతరహా అటవీ ఉత్పత్తి అని చట్టమే చెప్పింది. అయినా వెదురు బొంగు ఊరు దాటాలంటే రవాణా పర్మిట్ కావాలి, ఆ పర్మిట్ ఇచ్చేది అటవీ శాఖ, శాఖ ఇవ్వనంది. హక్కు ఉంది, బొంగు ఉంది, కొనేవాడున్నాడు. పర్మిట్ లేదు. ఏడాదికి పైగా అలాగే గడిచింది.

చివరికి 2011 ఏప్రిల్ 27న అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆ ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతిలో పెట్టారు. అప్పుడాయన మన ఆంధ్రప్రదేశ్ నుంచే రాజ్యసభ సభ్యుడు. ఆ తర్వాతి సీజనులో ఊరు కోటి రూపాయలకు పైగా వెదురు అమ్మింది. గ్రామసభ పేరిట పాన్ కార్డు తీసుకుని, లెక్కలు రాసుకుని, టీడీఎస్ కట్టింది. నిర్ణయాలు మెజారిటీతో తీసుకోరు. ఒక్కరు వద్దన్నా ఆ విషయం మళ్లీ కూర్చుని మాట్లాడతారు. 2009కీ 2011కీ మధ్య ఆ ఊళ్లో మనుషులు మారలేదు, అడవి మారలేదు. పుస్తకం చేతులు మారింది.

నన్ను ఇంతకన్నా ఎక్కువ ఆకట్టుకున్న ఊరు పాచ్‌గావ్. సిర్పూర్ దగ్గర వార్ధా నది దాటితే వచ్చే గోండ్‌పిప్రి తాలూకాలో ఉంది. 2012లో సుమారు వెయ్యి హెక్టార్ల మీద హక్కు వచ్చింది. వీళ్లదీ వెదురు వ్యాపారమే. అయితే హక్కు వచ్చాక తునికాకు కోయడం మానేశారు. చేతికి నగదు వచ్చే పంటను కాదనుకున్నారు. లేతాకు కోసం కొమ్మలు నరకాలి, కింద నిప్పు పెట్టే అలవాటు ఉంది, దాంతో చెట్టూ పోతుంది, పండూ పోతుంది, పైగా బీడీ తాగితే ఆరోగ్యం పోతుంది అన్నది వాళ్ల వాదన. అడవిలో కొంత భాగాన్ని ఏదీ కొట్టకుండా వన్యప్రాణుల కోసం వదిలేశారు. ఆర్నెల్లల్లో ఖాళీ చేస్తారన్న వాదనకి ఇంతకంటే సూటి జవాబు నా దగ్గర లేదు. ఏ అధికారీ వాళ్లని మానమనలేదు. తీసుకునే అధికారం ఉంది కాబట్టే వదులుకోవాలా అన్న ఆలోచన వచ్చింది.

పెద్దాయన టేకు భయం గురించి ఒక మాట. చట్టం గ్రామసభకి ఇచ్చే అమ్మకపు హక్కులో కలప లేదు. తునికాకు, ఇప్పపువ్వు, తేనె, జిగురు, వెదురు, చింతపండు లాంటివే. టేకు కొడితే అది నిన్న నేరం, నేడూ నేరమే. ఒక్క బీటు అధికారి అన్ని గుట్టలు కాయలేడని ఆయనకే బాగా తెలుసు. ఒడిశాలో చాలా ఊళ్లలో ఠెంగాపల్లి అని ఒక ఆచారం ఉంది. గస్తీ కర్ర ఎవరి గుమ్మం ముందు ఉంటే ఆ రోజు అడవి కాపలా వాళ్లది, సాయంత్రం ఆ కర్ర తీసుకెళ్లి పక్కింటి గుమ్మం ముందు పెడతారు. జీతం లేదు, యూనిఫాం లేదు.

నన్ను వదలని అనుమానాలు

ఇదంతా చదివి నేను ఊరిని దేవుడిని చేస్తున్నానని అనుకోవద్దు. నాకూ తేలని విషయాలున్నాయి.

మెండాలో అందరూ గోండులు. మన ఏజెన్సీలో అలాంటి ఊళ్లు ఎన్ని? గిరిజనేతర వ్యాపారులు, వడ్డీకిచ్చేవాళ్లు, రెండు పార్టీల నాయకులు ఉన్న ఊళ్లో గ్రామసభ అంటే సర్పంచ్ ఇంటి అరుగు మీద రాసిన తీర్మానం. సంతకాలు తర్వాత ఇంటింటికీ తిరిగి పెట్టిస్తారు. గ్రామసభలో సగం మంది ఉండాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి అని అటవీ హక్కుల చట్టం 2012 నియమాల్లో రాసినంత మాత్రాన నిజంగా ఉంటారా? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చూశాను. తీర్మానం వల్ల తమ ఇంటికి ఏమీ రానప్పుడు జనం రారు. మన గ్రామసభల్లో ఇప్పుడు తేలేవి పింఛన్ల జాబితాలే కాబట్టి పింఛను కావలసినవాళ్లే వస్తారు. ఆకు ధర ఎంతో అక్కడే తేలుతుందంటే ఆకు కోసే ఆడవాళ్లు ఇంట్లో కూర్చోరు.

రెండోది ఇంకా కష్టమైనది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి గోదావరి అడవుల్లో బతుకుతున్న గుత్తికోయలు ఏ గ్రామసభలో సభ్యులు? తెలంగాణలో వాళ్లకి ఎస్టీ గుర్తింపు లేదు. పాత ఊరి గోండులు, కోయలు కొందరు వాళ్లని చేర్చుకోవడానికి ఒప్పుకోరు. ఊరికి అధికారం ఇస్తే ఊరే వాళ్లని వెళ్లగొట్టొచ్చు. ఈ ప్రశ్నను దాటేసి వికేంద్రీకరణ గురించి మాట్లాడటం నిజాయితీ అనిపించుకోదు. వాళ్ల పౌరసత్వం, నివాసం విషయం రాష్ట్రమే తేల్చాలి, గ్రామసభ మీదికి తోయకూడదు.

మూడోది డబ్బు. గడ్చిరోలిలో గ్రామసభలు సొంతంగా ఆకు వేలం వేస్తే మంచి ధర వచ్చిన ఏళ్లూ ఉన్నాయి, ఆకు ఎత్తుకుపోయి డబ్బు ఎగ్గొట్టిన కాంట్రాక్టర్లూ ఉన్నారు. వెదురు పూతకొచ్చిందంటే పొదలు పొదలుగా ఎండిపోతుంది, మళ్లీ కోతకి రావాలంటే ఏళ్లు పడుతుంది. శాఖకైతే జీతం నెలనెలా వస్తుంది, ఊరికి రాదు.

కల్లం దగ్గర

ఈ లెక్క ఎక్కడ తప్పుతోందో తెలియాలంటే మే నెలలో, తునికాకు కొనే కల్లం దగ్గర ఒక సాయంత్రం నిలబడాలి. ఆడవాళ్లు తెల్లవారుజామున చీకట్లో బయల్దేరతారు. ఎండెక్కే లోపు ఆకు కోసి, ఇంటికొచ్చి, చెట్టు నీడన కూర్చుని యాభై ఆకులు లెక్కపెట్టి, చివర్లు సరిచేసి, నారతో కట్ట కడతారు. లెక్కపెట్టే వేగం చూస్తే కళ్లు తిరుగుతాయి, బొటనవేలు జిగురుతో నల్లబడిపోయి ఉంటుంది. సాయంత్రం కల్లానికి తెచ్చి వరసగా పేరుస్తారు. కల్లం చూసుకునే కల్లేదారు పుస్తకంలో రాసుకుంటాడు. నేను చూసిన కల్లంలో నూరు కట్టలకి నాలుగు కట్టలు ఊరికే ఇవ్వాలి. ఎందుకని అడిగితే చిరుగుతాయి, పోతాయి, ఆ తరుగుకి అన్నాడు. ఒకామె నా వైపు తిరిగి, "మా కట్టల ఒక్క ఆకు చిరిగుంటే వెనక్కి కొడ్తడు సారూ. మల్ల తరుగెక్కడిది?" అంది. కల్లేదారు విననట్టు పక్క వరసకి వెళ్లిపోయాడు.

కట్టకి రెండు మూడు రూపాయల లెక్కన కూలీ. ఆకు అమ్మకంలో మిగిలింది తర్వాత బోనస్‌గా వస్తుందంటారు. ఐదారేళ్ల సీజన్ల బోనస్ ఒకేసారి రావడం కూడా చూశాం. ఈలోపు చనిపోయినవాళ్ల వాటా ఎవరికి వెళ్లిందో అడగడానికి ఎవరి దగ్గరా పుస్తకం లేదు. 1971 నుంచి ఆకు వ్యాపారం ప్రభుత్వం చేతిలో ఉంది. దళారుల దోపిడీ ఆపడానికే ఆ చట్టం తెచ్చారు, అప్పటికి అది అవసరమే. కానీ ఏజెన్సీలో గ్రామసభలకు అధికారాలిచ్చిన 1996 పీసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం రెండూ ఈ ఆకు ఊరిదే అన్నాక కూడా, ఆకు కొనే ప్రాంతాలను యూనిట్లుగా విడగొట్టి టెండరు వేసేది శాఖే, ధర తేల్చేది శాఖే. ఆకు కోసే మనిషి ఇప్పటికీ కూలీయే.

ఒకేసారి రాష్ట్రమంతా మార్చమని నేను అడగను. ప్రాణహిత ఒడ్డున, ఉట్నూరు వైపు, అటు పాడేరు ఏజెన్సీలో గ్రామసభలు ఇప్పటికే గట్టిగా ఉన్న చోట్ల కొన్ని తునికాకు యూనిట్లు, ఇప్పపువ్వు, వెదురు మూడు సీజన్ల పాటు ఊళ్లకే వదలండి. హక్కు పత్రం సమితి పేరిట ఉంటే రద్దు చేసి గ్రామసభ పేరిట రాయండి. కాంట్రాక్టరు సగం డబ్బు ఆకు కదలక ముందే ఊరి ఖాతాలో వేయాలన్న షరతు పెట్టండి, ఎగ్గొడితే మిగతా జిల్లాల టెండర్లలో కూడా అతన్ని రానివ్వకండి. కల్లేదారును ఊరే పెట్టుకుంటుంది. చదువుకున్న పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు, పని లేక హైదరాబాద్ వెళ్తున్నారు. ఎండిన ఏళ్ల కోసం ప్రతి సీజను ఆదాయంలో కొంత పక్కన పెట్టే నియమం ఊరే రాసుకోవాలి. శాఖ సలహా చెప్పాలి, ఏటా అడవిని కొలిచి ఎలా ఉందో ఊరికీ మనకీ చూపించాలి. అది శాఖ బాగా చేయగల పని.

వీటికి కొత్త చట్టం అక్కర్లేదు. గ్రామసభ కమిటీయే రవాణా పర్మిట్ ఇవ్వొచ్చని 2012 సవరణ నియమాల్లోనే ఉంది. ఆ సవరణ వచ్చినప్పుడు గిరిజన వ్యవహారాల మంత్రి కూడా కిశోర్ చంద్రదేవే. కావలసింది చెక్‌పోస్టులకి ఒక సర్క్యులర్: గ్రామసభ ముద్ర ఉన్న పర్మిట్‌తో లారీ వస్తే ఆపొద్దని. ఆ కాగితం లేకపోతే మొదటి చెక్‌పోస్టు దగ్గరే లారీ ఆగిపోతుంది, రెండో ఏడాది ఏ వ్యాపారీ ఆ ఊరికి రాడు. తునికాకు కొమ్మకొట్టుడు ఫిబ్రవరిలో మొదలవుతుంది. అంటే సర్క్యులర్ జనవరిలోపు రావాలి, ఊళ్లు కూర్చుని ధర మాట్లాడుకోవడానికి కనీసం నెల రోజులైనా ఉండాలి.